ఎనిమిది మంది, పద్దెనిమిది సీసాలు

1986 మే 11, ఆదివారం, సాయంత్రం అయిదు గంటల నలభై నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. మా ఒంటిగది ఖోలీ గుమ్మానికి వేలాడదీసిన ఉష్ణమాపకంలో పాదరసం ముప్పై నాలుగు డిగ్రీల గీత మీద నిలిచి ఉంది. గాలి స్తంభించిపోయింది; మూడంతస్తుల వరండాల్లో ఆరేసిన బట్టల్లో ఒక్కటీ కదలడం లేదు. కామాటిపుర పన్నెండో గల్లీలో వరుస గదుల మేడ అయిన మా చాల్ ముంగిట, పరిచిన నల్లరాళ్ల మీద కుర్చీలు వేసి, కమిటీ సమావేశం అప్పుడే మొదలుపెట్టారు.

తేదీ, వేళ, ఎండావాన ఇంత నిక్కచ్చిగా రాయడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. రేవులో తూకాల గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. తడి గాలిలో తూచిన దూది ఎండలో తూచిన దూది కన్నా బరువు తూగుతుంది కనుక, ఏ దినం, ఏ ఘడియ, ఏ వాతావరణం అన్నది పక్కన రాయని తూకం చెల్లదు. మనుషుల మాటలూ అంతేనని నా నమ్మకం.

మా చాల్ మా తెలుగువాళ్ల సంఘం ఆస్తి. తెలంగాణ నుంచి వచ్చి, రాళ్లు మోసి ఈ నగరాన్ని కట్టిన మా ముత్తాతల తరం వాళ్లే దాన్నీ కట్టారు. కింద దుకాణాలు. మొదటి అంతస్తులో పది ఖోలీల నిండా మా వంటి పాత కుటుంబాలు. మేము బొంబాయిలోనే పుట్టినవాళ్లం. రెండో అంతస్తులో పది ఖోలీల్లో కరీంనగర్ నుంచి వచ్చిన బట్టల మిల్లు కార్మికులు. మూడో అంతస్తులో చిన్న చిన్న కార్ఖానాల నడుమ ఒకే ఒక్క పెద్ద ఖోలీ. అందులో పాలమూరు నుంచి వచ్చిన ఇళ్ల పని కూలీల గుంపు ఉండేది. ఒక ముసలి తల్లి, మేస్త్రీ పని చేసే ఆమె చిన్న కొడుకు, నిండు నెలలకు దగ్గర పడుతున్న అతని భార్య, మరో అయిదుగురు బంధువులు. మొత్తం ఎనిమిది మంది. ఖోలీకి ఎనిమిది మందికి మించి ఉండరాదని సంఘం నియమం.

ఆ సాయంత్రం విచారణ వాళ్ల మీదే. మా అధ్యక్షుడు, మొదటి అంతస్తువాడే, లేచి నిలబడ్డాడు.

"దినమంతా కల్లు కంపు. పొద్దుగాల కంపే, రాత్రి కంపే. మెట్ల మీదికెల్లి కిందికి దిగుతున్నది. కమాయించిందంత తాగుడుకే పెడ్తున్నరు. నెలాఖరుకు ఖోలీ ఖాలీ చెయ్యాలె, బస్."

ముసలి తల్లి కింద రాయి మీద కూర్చుని ఉంది. అందరూ ఆమెను అవ్వ అనేవాళ్లం.

"నెలాఖరు దాటితే వాన, నాయనా. కోడలికి ఏడో నెల. ఫుట్‌పాత్ మీద కనమంటవా?"

"అది తాగేటప్పుడు యాదికి రావాలె."

"తాగుతం. తాగం అని నేనన్ననా? మీరు తాగరా మరి?"

"మేం ఇంట్ల తాగం."

"అవు. మీరు బయట తాగి ఇంట్లకొచ్చి పడ్తరు. మేం ఇంట్ల తాగి ఇంట్లనే పడ్తం. నడిచే కష్టం తప్పుతది, గంతే ఫరక్."

రెండో అంతస్తు వరండా నుంచి ఎవరో పకపకా నవ్వారు. అధ్యక్షుడు పైకి చూసేసరికి నవ్వు ఆగింది. అవ్వ చీర కొంగు సర్దుకుని లేచింది.

"తాగుడు ఖర్చు లెక్క తియ్యుండ్రి. మూడంతస్తులది తియ్యుండ్రి. తలకెంత పడ్తదో సూడుండ్రి. ఎవలది ఎక్కువైతే వాళ్లు ఎల్లిపోవాలె. మాదే ఎక్కువైతే మీరు చెప్పకముందే నేను మూట కడ్త."

అధ్యక్షుడికి ఫలితం మీద ఏ మాత్రం అనుమానం ఉండి ఉంటే ఒప్పుకునేవాడు కాడు. "మంజూర్. మన తూకాల సారు లెక్క తీస్తడు. జూన్ ఒకటో తారీకు ఆదివారం, ఇదే టైముకు ఇక్కడనే చదువుతడు," అన్నాడు. నాకు మూడు వారాలు దొరికాయి.

మర్నాటి నుంచి బయలుదేరాను. మొదటి అంతస్తులో మొదటి మూడు ఖోలీల్లో నాకు దొరికిన అంకె సున్న. నాలుగో ఖోలీలోనూ సున్నే. ఆ లెక్కన మా అంతస్తు ఆశ్రమం కావాలి. అయిదో గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న ఒక ఇల్లాలు నా ప్రశ్న విని తల ఎత్తకుండానే చెప్పింది.

"మా ఆయన తాగేదెంతో నాకేం ఎరుక? పగార్ ఎంతో ఎరుక, నా చేతిల పెట్టేదెంతో ఎరుక. బస్సు కిరాయి తీసెయ్, చాయ్ పైసలు తీసెయ్. మిగిలింది నువ్వే చూస్కో."

ఇరవై రెండేళ్లుగా బండిని సరుకుతో తూచి, ఖాళీ బండిని తూచి, తేడాను సరుకు బరువుగా రాస్తున్నవాణ్ణి. ఆ పద్ధతి గుమ్మం దాటి ఇంట్లోకి వస్తుందని నాకు తోచలేదు. మళ్లీ మొదటి ఖోలీ నుంచి మొదలుపెట్టి, ఈసారి ఆడవాళ్లనే అడిగాను. సున్నలన్నీ మాయమయ్యాయి. మా ఖోలీకి నేను ముందే సున్న వేసి ఉంచాను. నా భార్య అది చూసి, "మీ తమ్ముడు మన ఇంట్ల లేడా ఏంది?" అన్నది. ఆ సున్న కూడా పోయింది.

అంకెలు పెరుగుతున్న కొద్దీ వాటి వెనుక ఒక్కొక్క ఊరి నడత నాకు కనిపించసాగింది. ఆ కనిపించడం నన్ను ఎంతగా లోబరుచుకున్నదంటే, రేవులో పని చూసుకుంటూ కూడా అదే ఆలోచించేవాణ్ణి. మా బొంబాయి వాళ్లు దేశీ సారా దుకాణంలో బల్ల ముందు నిలబడి తాగుతారు. మనుషులెవరైనా చూస్తారేమో అన్న తొందర. ఒక పావు సీసా, పైన మరొకటి, ఆ మీద వాసన చంపడానికి పాన్. పది నిమిషాల్లో ముగుస్తుంది. రేపు మళ్లీ మొదలవుతుంది. కరీంనగర్ వాళ్లు జీతం రోజున గుంపుగా పోయి కూర్చుంటారు. ఈ మారు ఒకరు ఇస్తే పై మారు ఇంకొకరు. మిల్లులు సరిగా నడవని ఆ రోజుల్లో ఇచ్చే వంతు ఎవరిదన్నది జాగ్రత్తగా గుర్తుంచుకునేవారు. అందుచేత తక్కువ తాగేవారు. నిలబడి తాగేవాడు కూర్చుని తాగేవాడి కన్నా ఎక్కువ ఖర్చు పెడతాడన్న సంగతి ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. మా మెట్ల మీద ఒక అంతస్తు ఎక్కితే తెలిసింది.

మూడో అంతస్తు లెక్క అన్నిటికన్నా సులువనుకున్నాను. వాళ్లు దాచేది ఏమీ లేదు. ఆదివారం సాయంత్రం మేస్త్రీ రెండు సంచులతో నాగ్‌పాడా దిక్కున ఉన్న కల్లు దుకాణానికి పోతాడు. తెచ్చి ఖోలీలో దించుతాడు. వారంలో మరే రోజూ చుక్క ఉండదు. మే 18న మెట్ల దగ్గర అతన్ని ఆపి, సంచులు తెరిపించి సీసాలు లెక్కపెట్టాను. పద్దెనిమిది. సీసా రెండు రూపాయల పావలా.

"ఎవరికెంత?" అని అడిగాను.

"తలా రెండు, సారూ. ఆడోళ్లకు రెండే, మొగోళ్లకు రెండే. ఒక్క సుక్క హెచ్చుతగ్గు ఉండది. ఒంటిగ తాగొద్దు, ఎక్కువ తాగొద్దు. మా అవ్వ హుకుం."

"మీ భార్య ఈ స్థితిలో తాగుతుందా?"

"తాగది. దాని రెండు నేను తాగుత. మొగని ధర్మం," అని నవ్వి సంచులు ఎత్తుకున్నాడు.

ఖోలీకి తిరిగి వచ్చి కూర్చున్న తరువాత ఆ అంకె నన్ను వదలలేదు. తలా రెండయితే ఎనిమిది మందికి పదహారు. పద్దెనిమిదిని రెండుతో భాగిస్తే తొమ్మిది. భార్య వంతు మొగుడు తాగుతాడన్నది నిజమైనా అది ఆ పదహారులోదే. మిగిలిన రెండు సీసాలు ఎవరివి?

వారం నడుమ అధ్యక్షుడు మెట్ల మీద ఎదురై లెక్క ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను వేళ్ల మీద లెక్క కట్టుకున్నాడు.

"తొమ్మిదోడు ఉన్నడు. రాత్రిపూట ఎవన్నో లోపల పండబెడ్తున్నరు. సారూ, ఇగ తాగుడు లెక్కెందుకు? ఖోలీ నియమమే తప్పిండ్రు. కల్లు తక్కువైనా పోవాల్సిందే."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. తొమ్మిదో మనిషి ఉంటే, తలకు ఎంత పడినా అవ్వ మూట కట్టక తప్పదు. ఆ మాట అవ్వకు ముందుగా చెప్పడం నా పని కాదు. చూడకుండా రాయడం కూడా నా పని కాదు. వచ్చే ఆదివారం ఖోలీలోనే కూర్చుని చూస్తానని కబురు పంపాను. "రమ్మను, తాగకుంటె తాగకపాయె, కూసోని గుడాలు తినమను," అని జవాబు వచ్చింది.

మే 25, ఆదివారం, సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలు. పడమటి దిక్కున మొదటిసారి మబ్బు కట్టింది, ఉక్క పెరిగింది. ఖోలీలోకి అడుగుపెట్టగానే పులిసిన కల్లు వాసన ముఖానికి కొట్టింది. సీసాల మూతలు ఇంకా తీయలేదు. వాసన సీసాలది కాదని అప్పుడే గ్రహించి చుట్టూ చూశాను. కిటికీ కింద మూలలో పైమూత కోసేసిన పెద్ద నూనె డబ్బా ఒకటి ఉంది. దాని నిండా ఎర్ర మన్ను. కింద అడుగున చిల్లులు, చిల్లుల కింద ఒక పళ్లెం.

గోడ వెంబడి ఎనిమిది మందీ కూర్చున్నారు. తలుపు వేశారు. తొమ్మిదోవాడు వస్తాడని నేను తలుపు వైపే చూస్తున్నాను. అవ్వ ఒక స్టీలు గిలాస నింపి, ముందుగా డబ్బా దగ్గరకు వెళ్లి, రెండు చేతులతో పట్టుకుని మన్నులో పోసింది. పోచమ్మకు సాక పోయడం, అంటే దేవతకు మొదటి ధార నేలకు ఇవ్వడం, నా చిన్నతనంలో మా ఇంట్లోనూ విన్న మాటే. అది కావచ్చు అనుకున్నాను. కాని ఆమె అదే గిలాసతో అందరికీ వరుసగా పోసి, వరుస చివర మళ్లీ డబ్బా దగ్గరకు వెళ్లింది. మళ్లీ పోసింది. రెండో వరుస తిరిగింది, చివర డబ్బా. మూడో వరుసకూ అంతే. ఎనిమిది గిలాసలు మనుషులకు, తొమ్మిదోది మన్నుకు. ఎవరూ ఆ మూల వైపు ప్రత్యేకంగా చూడలేదు. పక్కన కూర్చున్నవాడికి పోస్తే ఎంత చూస్తారో అంతే చూశారు. వాళ్ల మాటలు, వేళాకోళాలు ఆగలేదు.

"అవ్వా, ఆ వాటా ఎవరిది?" అన్నాను.

"నా పెద్దకొడుకుది, సారూ."

"ఎక్కడున్నాడు?"

"సముద్రం ఒడ్డుకు ఒక మేడ కట్టినం. పరంజి మీదికెల్లి పడ్డడు. నాలుగేండ్లాయె." ఆమె గిలాస ఒళ్లో పెట్టుకుంది. "వాన్ని ఊరికి కొంచవోయెటందుకు మాతాన పైసల్లేకుండె. ఈడనే కాలవెట్టినం. గందుకని ఊర్నే ఈడికి తెచ్చిన. మా ఊరి చెల్క పొలం మన్ను అది. మూడు మూటలు రైల్ల తెచ్చినం. టీసీ ఇప్పి చూసి, ముసల్దానికి పిచ్చి లేచిందన్నడు."

"నేల మీద పోయవచ్చు కదా."

"నేల ఏడున్నది సారూ మీ బొంబాయిల? రాళ్లే, సిమెంటే. పోస్తె మోరీలకు పోతది. కొడుకు వాట మోరీల పోస్తమా?"

మేస్త్రీ అన్నాడు: "పగార్ రాదు మా అన్నకు. వాట మటుకు ఉంటది. ఆయన మా గుంపుకు పెద్దమేస్త్రీ."

నేను లెక్కల పుస్తకం తెరిచాను. రేవులో కొండలంత సరుకు తూచాను. ఓడ నుంచి దిగిన యంత్రాలను, వంద మంది పట్టి ఎత్తిన ఇనుప దూలాలను తూచాను. ఏదీ నా కలాన్ని ఇలా ఆపలేదు. రోజుకు ఇరవై రూపాయలు సంపాదించే మనుషులు, తాగే వాడు లేని రెండు సీసాలకు వారం వారం నాలుగున్నర రూపాయలు నాలుగేళ్లుగా ఇస్తున్నారు. అందరూ కలిసి ఇస్తున్నారు. ఇది ఖర్చంటే ఖర్చే. తాగుడంటే తాగుడు కాదు. నా దగ్గర ఉన్న గడుల్లో దేనిలోనూ ఆ అంకె ఇమడలేదు.

జూన్ 1, ఆదివారం, సాయంత్రం అయిదు గంటల నలభై నిమిషాలు. ఆకాశమంతా మబ్బు; ముప్పై ఒక్క డిగ్రీలు; అప్పుడప్పుడు చినుకు. చాల్ అంతా ముంగిట్లో, వరండాల్లో చేరింది. నిలబడి చదివాను.

"మొదటి అంతస్తు. పెద్దవాళ్లు ముప్పై ఎనిమిది మంది. మూడు వారాల ఖర్చు పద్దెనిమిది వందల ఎనభై ఒక్క రూపాయలు. తలకు వారానికి పదహారు రూపాయల యాభై పైసలు."

"గలత్," అన్నాడు అధ్యక్షుడు.

"నీదెంతో ఇరవై ఏండ్ల సంది నేను చూస్తున్న. గలత్ కాదు," అని అతని భార్య వరండాలోంచి అన్నది. ఆడవాళ్లందరూ నవ్వారు.

"రెండో అంతస్తు. నలభై ఒక్క మంది. పదకొండు వందల ఏడు రూపాయలు. తలకు వారానికి తొమ్మిది రూపాయలు. మూడో అంతస్తు. మూడు వారాలకు నూట ఇరవై ఒక్క రూపాయల యాభై పైసలు."

"ఎంత మందికి?" అధ్యక్షుడు ముందుకు వంగాడు. "అది చెప్పు సారూ. ఎనిమిదా, తొమ్మిదా?"

"ఖోలీలో ఉండేది ఎనిమిది మంది. వాటాలు తొమ్మిది."

"అదే నేనంటున్న. ఆ తొమ్మిదోడేడీ?"

మేస్త్రీ మెట్లెక్కి పోయి, డబ్బా భుజాన పెట్టుకుని దిగి వచ్చి, ముంగిట మధ్యలో దించాడు. వాసన అందరికీ తెలిసింది. అవ్వ నాతో చెప్పిన మాటలే, అంతకన్నా తక్కువ మాటల్లో, వాళ్లకు చెప్పింది. అధ్యక్షుడు డబ్బా చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి మన్ను ముట్టుకున్నాడు. మెట్ల మీదికి ఇన్నాళ్లూ దిగిన కంపు ఇదేనని అతనికి అర్థమైంది. కాని ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

"సచ్చినోన్ని తలల్ల జమ చేస్తరా? ఏ లెక్క ఇది?"

అప్పుడు అతని తల్లి కిందికి దిగింది. ఎనభై దాటిన మనిషి. ఒక్కొక్క మెట్టూ పట్టుకుని దిగి, కొడుకు ముందుకు కాకుండా కుళాయి పక్కకు వెళ్లి నిలబడింది. అక్కడ నల్లరాళ్ల నడుమ ఒకచోట మాత్రం సిమెంటు అతుకు ఉంది.

"ఒరే, ఈడ రాయి ఎందుకు లేదు, ఎన్నడన్న అడిగినవా?"

"విరిగి ఉంటది."

"ఇరగలె. నీ తాత ఇదంత పరిచిండు. పరిచినప్పుడే ఒక్క రాయి తక్కువ పరిచిండు. సాక పోసెటందుకు. ఆయన తమ్ముడు రాయి కింద పడి పోయిండు, ఆయనకు ఈడనే పోసెటోళ్లు. నా పెండ్లైనంక నేను గూడ పోసిన. కచ్చ జాగ ఉన్నది, గలీజైతదని సిమెంటు పోయించింది నువ్వు. అప్పుడు నన్ను అడుగకపోతివి."

ఆ అతుకు మీద నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నడుస్తున్నాను. ముంగిట పరిచిన రాళ్లు అడ్డంగా పద్నాలుగు, నిలువుగా తొమ్మిది. గుణిస్తే నూట ఇరవై ఆరు. చిన్నప్పుడు లెక్కపెట్టినప్పుడు నూట ఇరవై అయిదే వచ్చేవి. లెక్క తప్పానని అనుకునేవాణ్ణి. లెక్క తప్పలేదు. రాయి రాయీ మోసి నగరం మొత్తాన్ని పరిచిన మనుషులు తమ వాకిట్లో మూరెడు మన్నును ఉద్దేశపూర్వకంగా ఖాళీగా వదిలారన్న సంగతి ఆ చినుకుల్లో నిలబడి నేను నమ్మడానికి కొంత సమయం పట్టింది.

అధ్యక్షుడు ఆ అతుకును కాలితో తట్టి చూశాడు. తరువాత మేస్త్రీ వైపు తిరిగి, "గడ్డపార ఉన్నదా నీతాన?" అన్నాడు.

"ఉన్నది."

"తే."

సిమెంటు నాలుగు దెబ్బల్లో పగిలింది. కింద మన్ను నల్లగా, తడిగా ఉంది. అవ్వ డబ్బాలోని ఎర్ర మన్నును దోసిళ్లతో ఎత్తి అందులో పోసింది. అధ్యక్షుడి తల్లి ఆమె పక్కన చతికిలబడి చేతులతో సమం చేసింది. పని ముగిశాక అవ్వ చేతులు దులుపుకుని అధ్యక్షుడిని చూసింది.

"ఎక్కువ తాగినోళ్లు ఎల్లిపోవాలె అనుకున్నం కద, నాయనా. మూట ఎప్పుడు కడ్తవు? పోయెటందుకు జాగ లేకుంటె మా ఖోలీల ఉండు. కల్లు మటుకు తలా రెండే."

అతను నవ్వాడు. ఖోలీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వానలు వచ్చాయి, మెట్ల మీద వాసన పోయింది, కోడలు ఆ ఖోలీలోనే ప్రసవించింది.

లెక్క ముగించవలసిన బాధ్యత మాత్రం నాకు మిగిలింది. నూట ఇరవై ఒక్క రూపాయల యాభై పైసలను ఎనిమిదితో భాగిస్తే ఒక అంకె, తొమ్మిదితో భాగిస్తే మరొక అంకె. ఏ రకంగా చూసినా అన్నిటికన్నా తక్కువే కనుక, ఎవరూ నన్ను అడగలేదు. ఆ రాత్రి నేనే నిర్ణయించాను. ఖోలీ నియమానికి ఎనిమిది అని రాశాను. ఖర్చును తొమ్మిదితో భాగించాను.

మొదటి అంతస్తు, తలకు వారానికి పదహారు రూపాయల యాభై పైసలు. రెండో అంతస్తు, తొమ్మిది రూపాయలు. మూడో అంతస్తు, నాలుగు రూపాయల యాభై పైసలు.